పసుపు కింద చెక్క

మా ముత్తాత దివిసీమలో మునసబు. మా తాతగారి ఎదుట కుర్చీలో కూర్చునే ధైర్యం ఆ చుట్టుపక్కల ఎవరికీ ఉండేది కాదు. నేను మచిలీపట్నంలో కుర్చీలు చేసి అమ్ముతాను. పడగొట్టిన ఇళ్ల కలపతో చేసే ఈ పనిని రీక్లెయిమ్డ్ వుడ్ వర్క్ అంటారు.

2022 వేసవిలో గుడివాడ నుంచి సుభద్రగారనే లెక్చరర్ ఒక పాత గడప తెచ్చారు. పామర్రులో కొన్నారట. దాంతో వరండాలోకి బెంచీ కావాలన్నారు.

"గడప మీద కూర్చోకూడదండీ," అన్నాను.

"ఇల్లే పోయాక ఇంకా గడపేంటండీ? చెక్కే కదా. దివిసీమలో ఎవరో మునసబుగారి లోగిలిదని చెప్పాడు అమ్మినాయన. మీకేమైనా తెలుసా?"

నేను బెంచీ కొలతలు రాసుకున్నాను.

బెంచీ చేయాలంటే దాన్ని పలకలుగా కోయాలి. ముందు డీనెయిలింగ్, అంటే పాత మేకులు పీకడం. పీకుతూ చూశాను. బర్మా టేకు. పసుపు చెక్కలోకి ఇంకిపోయి ఉంది. మా ఇంటి గడపే అనిపించింది. అంతలోనే కాదనిపించింది. ఆ కాలపు గడపలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. పైగా నాకు గుర్తున్నది చిన్నపిల్లాడి కళ్లకు కనిపించిన గడప, ఇంతకంటే చాలా పెద్దది. మాదైతే రంపం పెట్టలేను. కాకపోతే ఒకరి పని ఆపే హక్కు నాకు లేదు.

మా మేనత్త ఈ ఊళ్లోనే ఉంటుంది. పెళ్లయ్యేదాకా మా గడపకు పసుపు రాసింది ఆవిడే. ఆటోలో తీసుకొచ్చాను. ఈ చివర నుంచి ఆ చివరకు చెయ్యి వేసి తడిమింది.

"ఏమోరా. పసుపు రాశాను గానీ, కింద చెక్క ఎట్లా ఉందో ఎవరు చూశారు? నువ్వు చూళ్లేదా?"

"దాటి వెళ్లేవాణ్ణి అత్తయ్యా. నాన్నగారు కాలు తగలనిచ్చేవారా?"

"సరిపోయింది. తొక్కినవాళ్లనైనా అడుగు, చెబుతారు. మన ఇంట్లో అట్లాంటివాళ్లు లేరుగా."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చివరికి కూర్చునే పలక వేరే టేకుతో చేశాను. గడపను కోయకుండా, పసుపు గీకకుండా, వీపు ఆనే చోట నిలబెట్టాను.

"ఇదేంటండీ, వెనక్కి పెట్టారు?" అన్నారు సుభద్రగారు.

"అది అక్కడే ఉండాలండీ."

"మీ వాళ్లదేనా ఏంటి?"

"తెలియదండీ," అన్నాను. అబద్ధం కాదు.

అంతకుముందు, పాత కలప ముట్టుకుంటే ఏ ఇంటిదో చెప్పగలనని కొనేవాళ్ల ముందు గట్టిగా అనేవాణ్ణి. ఇప్పుడు ఏ కలపో చెబుతాను. ఎవరిదో చెప్పను.

మా ఇల్లు పడగొట్టేవాళ్లకు ఇచ్చేసినప్పుడు దూలాలు, స్తంభాలు, తలుపులతో పాటు గడప కూడా అమ్మేశాం.