ఏ దినం దోవ?

ఆ చలికాలం నేను వాక్యాలు రాయడానికి రైలెక్కేదాన్ని. వారానికి రెండు రోజులు తెల్లవారి తిరుత్తణిలో ఎక్కి, అరక్కోణం దాటాక కిటికీకి తల ఆనించి, తిరువళ్ళూరులో దిగేటప్పటికి సగం నిద్రలోనే ఉండేదాన్ని. అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా సర్కారు బడిలో సోషల్ చెబుతున్నాను. చిన్న తరగతుల పిల్లలకు సోషల్‌లో ఏమేం రావాలి, ఏది వస్తే వచ్చినట్టు అనుకోవాలి అన్నది కొత్తగా రాయడానికి కొందరు టీచర్లను పిలిచారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

మేము రాసే ప్రతి వాక్యమూ ఒకే రకంగా ముగిసేది. తమ ఊరి వృత్తులను గుర్తించగలరు. పాత ఇంటినీ కొత్త ఇంటినీ పోల్చగలరు. పంచాయతీ పనులు చెప్పగలరు. పగలంతా అవే రాసి, సాయంత్రం రైల్లో కూర్చుంటే చక్రాలు కూడా అదే మాట అనేవి. గలరు, గలరు, గలరు. ఆ చప్పుడులో కళ్ళు మూతపడితే ఒక బిడ్డ కనిపించేది. గుర్తిస్తూ, పోలుస్తూ, చెబుతూ, అలసట లేకుండా తిరుగుతూ ఉండేది. దానికి మొహం ఉండేది కాదు. యూనిఫాం మాత్రం ఉండేది.

మాకిచ్చిన గది ఒక పాత బడిలో మేడ మీద. పిల్లల బల్లల మీదే మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. మా బల్ల దగ్గర ముగ్గురం. ముగ్గురమూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే. రాసేటప్పుడు మాత్రం ముందు తమిళం వచ్చేది, తెలుగు దాని వెనకాల నడిచేది. మూడో తరగతికి ‘మన ఊరు’ అనే భాగం మా వంతు.

మాలో పెద్దాయన రిటైరైన హెడ్మాస్టరు. తిరువళ్ళూరులోనే, వీరరాఘవస్వామి గుడికి దగ్గరి వీధిలో ఆయన ఇల్లు. చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్సిల్. మేము ఏదైనా అందంగా రాస్తే దాని కింద మెల్లగా ఒక గీత గీసి, “ఇది కొలిచేదానికి వస్తాదామ్మా? రాకుంటే ఇది ఆశ. ప్రమాణం కాదు,” అనేవారు. రెండో ఆయన సముద్రం పక్కన, ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉన్న పళవేర్కాడు బడిలో టీచరు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. పొన్నేరిలో ఉంటూ రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. ఎక్కువ మాట్లాడడు. కాగితం అంచున పడవలు గీస్తూ వింటుండేవాడు.

మేము అన్నిటికంటే తొందరగా ముగించిన వాక్యం ఒకటుంది. ‘తన ఇంటి నుంచి బడికి దారి చెప్పగలరు.’ ఎనిమిదేళ్ళ బిడ్డకు ఇంతకంటే తెలిసిన విషయం ఏముంటుంది అనుకున్నాం. టీ వచ్చేలోపలే రాసేశాం. పెద్దాయన కూడా పెన్సిల్ ఎత్తలేదు.

రాసినవన్నీ బళ్ళలో పిల్లల దగ్గర ఒకసారి అడిగి చూడాలి. నేను తిరుత్తణిలోనే ఉంటాను కాబట్టి, ఊరి చివరన ఉన్న ఒక చిన్న బడికి నన్ను వెళ్ళమన్నారు. వెళ్ళిన రోజు మంచు బాగా కురిసింది. బడి వరండాలో కూర్చుంటే కొండ కింది సగం కనిపించలేదు. పైన గుడి మాత్రం దేని మీదా ఆనకుండా నిలబడినట్టు ఉంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నా ముందు కూర్చుని దారి చెప్పి పోయారు. కొందరు తమిళంలో, కొందరు తెలుగులో, చాలామంది రెండూ కలిపి. “నేరా వచ్చి లెఫ్ట్ తిరిగితే బడే, టీచర్!” అని ఒకడు లేచి నిలబడే చెప్పేశాడు. నేను టిక్కులు పెడుతూ పోయాను.

చివర్లో ఒక పాప వచ్చింది. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టారు. అందరినీ అడిగినట్టే అడిగాను. పాప నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. వీధి వైపు చూసింది. తర్వాత ఇంకో వైపు చూసింది. తమిళంలో అడిగాను, తెలుగులో అడిగాను. తన గోరు తను చూసుకుంటూ కూర్చుంది.

ఆ తరగతి టీచరు, చిన్న వయసు అమ్మాయి, లోపలి నుంచే అంది: “అది అంతేక్కా. నోరు తెరిచేదే లేదు. రాదని కొట్టేసేయండి.”

కొట్టేశాను. కాగితం మీద ఆ ఒక్క పేరు పక్కన అడ్డంగా ఒక గీత.

పెద్దాయన మాకు ఒక నియమం పెట్టారు. ఏ బిడ్డకైనా రాదు అని రాస్తే, ఇంకో చోట, ఇంకో పూట, మరొకసారి అడగాలి. ఆయన కొలతలంటే ఎంత పట్టుదలగా ఉండేవారో, బిడ్డను తప్పుగా కొలవకూడదన్న దాంట్లోనూ అంతే పట్టుదల. ఆ నియమం లేకపోతే నేను ఆ గీతను అలాగే వదిలేసి ఉండేదాన్నని ఒప్పుకోవాలి.

మరుసటి రోజు పొద్దున్నే పాప వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అది నేతవాళ్ళ వీధి. నేను సేద్యం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. ఇదే ఊళ్ళో ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నా ఆ వీధిలోకి ఎప్పుడూ పోలేదు. రెండు పక్కలా ఇళ్ళలో మరమగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడు మొదట చెవులకు కొట్టింది. పది అడుగులు వేశాక జోరువానలో నడుస్తున్నట్టు అనిపించింది. ఇంకొంత దూరం పోయాక అది చప్పుడని కూడా మరిచిపోయాను.

పాప వాళ్ళ అవ్వ గడపలో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

“రాండి టీచరమ్మా. ఏం, మా పాప ఏమన్నా చేసిందా?”

“ఏమీ చెయ్యలేదవ్వా. దాంతో కూడా బడికి నడిచి పోదామని వచ్చినా.”

“నడిచేదానికా? యాడన్నా దోవ తప్పినారా ఏం?” అని నవ్వింది. మళ్ళీ నా మొహం చూసి, నిజంగానే అందుకే వచ్చానని అర్థమై, లోపలికి తిరిగి పాపను పిలిచింది. పాప సంచి తగిలించుకుని వచ్చి, నన్ను చూసి, మెట్టు దిగింది.

నేను వచ్చిన వైపుకే, మెయిన్ రోడ్డు వైపు తిరిగాను. పాప నా హ్యాండ్‌బ్యాగు పట్టీ పట్టుకుని లాగింది.

“ఇట్ల కాదా? రోడ్డు ఇట్లనే కదా?” అన్నాను.

“ఈ పొద్దు కిర్తిగ,” అంది. నేను విన్న మొదటి మాట అదే.

అప్పుడు విన్నాను. మగ్గాల చప్పుడు వెనకాల, చాలా దూరంగా, డప్పులు. ఆ రోజు కృత్తిక, కొండ మీది స్వామికి విశేషమైన నక్షత్రం. కొండకు వచ్చే వ్యాన్లతో, కావళ్ళతో బడి వేళకు రోడ్డంతా నిండిపోతుంది. ఇంట్లో క్యాలెండరు ఉంది, నేను చూడలేదు. పాప ఏ క్యాలెండరూ చూడకుండానే కుడికి తిరిగింది.

“కిర్తిగ నాడు వ్యాన్లోళ్ళకు చిన్నోళ్ళు కనపడరంట. అవ్వ చెప్పింది,” అంది ముందు నడుస్తూ.

సందు మలుపులో దారికి అడ్డంగా పడుగు సాచి ఉంది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వేల దారాలు, నా నడుమెత్తున, వెదురు కర్రల మీద ఆనించి ఉన్నాయి. ఇద్దరు మగవాళ్ళు రెండు పక్కలా నడుస్తూ కుంచెతో గంజి పట్టిస్తున్నారు. మంచులో ఆ తెల్లటి దారాలు ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ ముగిశాయో తెలియలేదు. ఏరు ఒకటి నేలకు తగలకుండా పారుతున్నట్టు ఉంది.

“చూసి రా పాపా, తడిగా ఉండాది,” అన్నాడు ఒకాయన.

పాప వెనక్కి వచ్చి నా పమిట చెంగు మొత్తం పోగుచేసి తన గుప్పిట్లో పట్టుకుంది. “వంగండి టీచర్. ఇంకా కిందికి.” నేను వంగాను. తల మీద దారాలు, గంజి వాసన, వాటి మధ్య నుంచి సన్నగా వెలుతురు. అవతల లేచి నిలబడ్డాక గానీ పాప నా చెంగు వదల్లేదు.

“పడుగు రెండు వరసలు సాచినారంటే ఈ దోవ గూడా లేదు,” అంది. ఇప్పుడు అడగకుండానే మాట్లాడుతోంది. “అప్పుడు ఆ కల్యాణ మండపం ఎనకాల పోవాల. పెండ్లి ఉంటే దాంట్లో గూడా పోనీరు. వాన పడితే పోలేము. ఉత్త దినం అయితే రోడ్డు మిందనే.”

నేను ఆగిపోయాను. “ఇవన్నీ నిన్న అడిగితే ఎందుకు చెప్పలేదు నువ్వు?”

పాప నావైపు ఆశ్చర్యంగా చూసింది. “మీరు యా దినం దోవో చెప్పలేదు కదా టీచర్?”

మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. నా నిద్రలో ఇన్నాళ్ళూ తిరిగిన బిడ్డకు ఆ క్షణంలో మొహం వచ్చింది. సిగ్గుగా అనిపించింది. ఆ సిగ్గు అడుగునే ఏదో తేలికగా, వెచ్చగా కూడా ఉంది. తర్వాత బడి దాకా పాపే మాట్లాడింది. ఏ ఇంట్లో ఎవరు ఏ మగ్గం మీద ఉన్నారో, ఎవరికి పని లేదో, ఏ కొళాయికి ఎప్పుడు నీళ్ళు వస్తాయో. మూడో తరగతి ‘మన ఊరు’ కింద మేము రాసిన వాక్యాలన్నీ నా పక్కన రెండు జడలతో నడిచాయి.

బడి చేరగానే కాగితం తీసి, నిన్నటి గీతను దిద్దాను. ఆ చిన్న టీచరు నా భుజం మీదుగా చూసి, “అది మాట్లాడిందా?” అంది. “మనమే సరిగా అడగలేదు,” అన్నాను. ఆమె పాపను చాలాసేపు చూసింది. తర్వాత వెళ్ళి దాని పక్కన కూర్చుంది.

తర్వాతి సమావేశానికి పెద్దాయన ఆలస్యంగా వచ్చారు. ఎప్పుడూ మాకంటే ముందు ఉండే మనిషి. ఆయన చెమట తుడుచుకుని కూర్చున్నాక నేను జరిగిందంతా చెప్పి, ఆ వాక్యం మార్చాలన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. “బిడ్డ తెలివైనదే, కాదనను. అయితే ఒక ప్రశ్నకు నాలుగు జవాబులుంటే టీచరు యాడని టిక్కు పెట్టేదమ్మా? కొలిచేదెట్ల?”

“మా పక్కన దోవే కదులుతాది సార్,” అన్నాడు పళవేర్కాడు టీచరు, పడవ గీయడం ఆపకుండానే. “నీళ్ళు తగ్గితే పడవ తిరిగే తావు మారిపోతాది. అవతల నుంచి వచ్చే పిల్లోళ్ళు నిన్న వచ్చినట్టు ఈ పొద్దు రారు.”

పెద్దాయన ఒప్పుకోలేదు. నాకు ఎందుకు తోచిందో తెలియదు. అడిగేశాను: “సార్, మీ ఇంటి నుంచి ఈడికి దోవ ఏది?”

“దాంట్లో ఏముండాదమ్మా? మా వీధిలో నుంచి నేరా వచ్చి, గుడి ముందర నుంచి...” అని ఆగిపోయారు. ఆగి, కిటికీ వైపు చూశారు. ఆ రోజు అమావాస్య, ఆ గుడికి పెద్ద రోజు. గుడి చుట్టూ వీధులన్నీ జనం. తెల్లవారుజాము నుంచి ఊళ్ళోకి బస్సులు వస్తూనే ఉన్నాయి. ఆయన ఎక్కడెక్కడి సందుల్లోనో తిరిగి వచ్చారు, అందుకే ఆలస్యం.

తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నారు, శబ్దం లేకుండా, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా. “అరవై ఏండ్లుగా నడస్తా ఉండాను,” అన్నారు. “నన్ను అడిగుంటే నాకూ సున్నానే పెట్టుంటావు కదమ్మా!”

ఎర్ర పెన్సిల్‌తో ఆయనే రాశారు. ‘తన ఇంటి నుంచి బడికి వచ్చే దారులను నడిచి చూపగలరు. ఏ రోజు ఏ దారిన వస్తారో, ఎందుకో తమ మాటల్లో చెప్పగలరు.’ రాసి, కింద టీచర్ల కోసం ఇంకో మాట చేర్చారు: కారణం చెబితే చాలు, ఏ దారి అయినా సరైనదే. “ఇప్పుడు కొలవొచ్చు,” అన్నారు.

జూన్‌లో మేము రాసిన వాక్యాల పుస్తకం అచ్చయి వచ్చింది. మా వాక్యం ఎన్ని చేతులు మారిందో, సన్నబడి వచ్చింది. ‘ఇంటి నుంచి బడికి గల దారులను తెలుపగలరు.’ నడవడం పోయింది, ఎందుకో అన్నది పోయింది. మొదట కోపం వచ్చింది. పెద్దాయనకు ఫోన్ చేస్తే, “దారులు అనే ఉంచినారు కదమ్మా. ఆ ‘లు’ చాలు. పట్టుకునే టీచరు పట్టుకుంటాది,” అన్నారు. ఆ మాటతో కోపం పూర్తిగా పోలేదు, కానీ అణిగి కూర్చుంది.

కొన్ని వారాలకు పళవేర్కాడు నుంచి ఫోన్ వచ్చింది. ఎప్పుడూ మాట్లాడని మనిషి, ఆ రోజు ఆగలేదు.

“అక్కా, పదహైదేండ్లుగా ఈడ పని చేస్తా ఉండాను. పిల్లోళ్ళు దిగే రేవు చూసినాను గాని, ఒక్క దినమన్నా వాళ్ళు ఎక్కే రేవుకు పోలేదు. నిన్న పడవెక్కి పోయినాను. నువ్వు ఒకసారి రాక్కా.”

ఒక శనివారం వెళ్ళి, అవతలి రేవులో బడికి పోయే పడవ ఎక్కాను. నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడుక్కున్న ఏడెనిమిది మంది పిల్లలు, వాళ్ళ మధ్య మేమిద్దరం. పొద్దుటి నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి, మధ్యలో గీత లేదు. ఇంజను ఆపేశాక పడవ దేని మీద పోతోందో కూడా తెలియలేదు. నాకు ఎటు చూసినా నీళ్ళే. ఒక గుర్తు లేదు, ఒక మలుపు లేదు. ఉన్నట్టుండి ముందు కూర్చున్న పిల్ల చెయ్యెత్తింది. పడవ నడిపే ఆయన మెల్లగా తెడ్డు వేశాడు. పిల్లలందరూ మాటలు ఆపకుండానే, వీధి మలుపు తిరిగే వాళ్ళలాగా, ఒక పక్కకు ఒరిగారు. మేమిద్దరం ఒక క్షణం ఆలస్యంగా ఒరిగాం.