నోట్లో మేకులు

నా నోట్లో మేకులున్నాయి. చాలా ఏళ్లుగా ఉన్నాయి. ఇప్పుడవి కంటికి కనపడేవి కావు గానీ, ఒకప్పుడు నిజం మేకులే. వాటితోనే తింటున్నాను, వాటితోనే నలుగురినీ నవ్విస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పే ధైర్యం లేక, ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. రేపు పొద్దున మీ మొహం చూడాల్సిన పని నాకు లేదు కదా.

నాయన చిత్తూరులో లారీ సీట్లు కట్టేవాడు. చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తెచ్చి, సుత్తితో దించేవాడు. నేను ఎనిమిదిలో బడి మానేసి అదే పనిలో చేరాను. నాకు చేతికంటే నోరే బాగా ఆడేది.

నా కూతురికి చెవులు కుట్టించే రోజుకని నాయన ఒక పాత టేకు కుర్చీ తెచ్చాడు. కార్వేటినగరం రాజుల కాలం నాటిదని అమ్మినవాడు చెప్పాడట. రాజుల సంగతేమో గానీ, అందులోని నల్లులు మాత్రం ఆ కాలానివే. ఇంట్లోనే వసారాలో కూర్చుని కుళ్లిన అడుగంతా తీసేశాడు. కొత్త నవారు పట్టీలు బిగించి, కొబ్బరి పీచు పరిచి, పైన ఎర్ర గుడ్డ వేశాడు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని మేనమామ అందులో కూర్చోవాలి.

ఆ మేనమామ నా బామ్మర్ది. డిగ్రీ చదివినవాడు. ఎప్పుడు కలిసినా అందరి ముందూ, "ఏం బావా, తొమ్మిదో క్లాసులో ఎప్పుడు సేరతావు?" అనేవాడు. నేనూ నవ్వేవాడిని. నవ్వేవాడికి నొప్పి ఉండదనుకుంటారు జనం.

చెవులు కుట్టించే రోజు పొద్దున కుర్చీ తిరగేసి, ముందువైపు పట్టీల మేకులు పీకాను. అవి అంత సులువుగా రాలేదు. చెక్క పెచ్చులూడింది. బామ్మర్ది వస్తూనే, బిడ్డను ఎత్తుకోకముందే కూర్చుంటాడు, గుంతలో పడ్డ దున్నపోతులా ఇరుక్కుంటాడు, అందరూ నవ్వుతారు. అంతే నేననుకున్నది. ఇంతలో నాయన వచ్చాడు. మేకులు గభాలున నోట్లో వేసుకున్నాను.

"ఏంరా, వక్క నమలతావుండావా?"

తలూపాను.

బామ్మర్ది వస్తూనే కూర్చోలేదు. అందరినీ పలకరించి, చెవులు కుట్టే ఆచారి సూది తీశాక, బిడ్డను ఎత్తుకుని అప్పుడు కూర్చోబోయాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క కేక చాలు. ఎందుకు వేయలేదు? నా గుట్టు బయటపడుతుందని నా బిడ్డనే వదిలేశానా? ఈ ప్రశ్నను ఇన్నేళ్లుగా అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాను. ఎటు తిప్పినా జవాబు నా మొహంలాగే ఉంది.

కుర్చీ దిగబడింది. బిడ్డ జారి నేలమీద పడింది. ఆచారి సూది వెనక్కి లాక్కోబట్టి సరిపోయింది. ఎవరూ నవ్వలేదు.

"ఏం మామా, సూది కంట్లో దిగింటే? ఇదేనా నువ్వు నేర్సిన పని?" బామ్మర్ది నాయన మీదికి లేచాడు.

నాయన తిరగేసి చూస్తాడేమోనని కుర్చీని నేనే అటకెక్కించాను. సాయంత్రం నా పక్కన కూర్చుని అడిగాడు.

"ఒరే, ఆ పట్టీలు నేను గట్టిగానే కొట్టినాను గదరా?"

చెప్పాల్సింది అప్పుడే. చెప్పకపోయినా, కనీసం ఊరుకోవాల్సింది.

"ముసలోళ్లయితే సేతులకు గూడా మతిమరుపు వస్తాది నాయనా."

ఆయన నవ్వాడు. "అంతేలేరా. సెయ్యి పోయింది నాది."

నా ఎగతాళి మాటల్లో ఆయన నమ్మింది అదొక్కటే.

ఆ తర్వాత సుత్తి పట్టలేదు. మనవరాలినీ ఎత్తుకోలేదు. బిడ్డ పాకుతూ వచ్చి మోకాళ్లు పట్టుకుంటే, "తీసుకోమ్మా, నా సేతులు నమ్మేటివి గావు," అని నా భార్యను పిలిచేవాడు. నేను పక్కనే ఉండేవాడిని. చివరిదాకా ఆ చేతులను పరాయివాళ్లవి చూసినట్టు చూసుకుంటూనే పోయాడు.

ఇప్పుడు కూతురు ఆ కుర్చీ దింపించి బాగుచెయ్యమంది. "తాత కొట్టినట్టు కొట్టొద్దు నాన్నా, మళ్లా పడతా," అని నవ్వింది. ఆ వెక్కిరింపు నా దగ్గర నేర్చుకున్నదే.

పాతది విప్పుతున్నాను. నాయన మేకులు పట్టకారుకు తలలు తెగి వస్తున్నాయి గానీ చెక్కను వదలడం లేదు. ముందువైపు మాత్రం ఖాళీ బెజ్జాలు, పక్కన ఆనాటి గాట్లు.

కూతురు వంగి వాటిని వేలితో తడిమింది. "ఇవేంది నాన్నా?"

కొత్త పట్టీలు కొట్టడానికని నా నోటి నిండా మేకులు. నోటివైపు వేలు చూపించి తలూపాను. ఆమె వెళ్లాక వాటిని అరచేతిలోకి ఉమ్మి, లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. క్షమించమని కాదు. క్షమించాల్సిన మనిషి, తప్పు తనదే అనుకుంటూ వెళ్లిపోయాడు.

నాయన చెయ్యి పోలేదు. మేకులు పీకింది నేను.

రాశాక నోరు కాస్త ఖాళీ అయింది. ఇనుము రుచి మాత్రం అలాగే ఉంది.