రుద్దినా పోని మబ్బు

నా చిన్నప్పుడు మా తాత చేసిన పనే ఇన్నేళ్ళ తర్వాత మా ఇంట్లో మా ఆయన చేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. కంట్లో శుక్లం వచ్చిందని కర్నూల్లో డాక్టరు చూసి చెప్పి నెల దాటింది. ఈయన మాత్రం ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూసి కంట్లో వేసుకోవడానికి ఉల్లిపాయ రసంలో తేనె కలుపుకుని కూర్చున్నాడు. ఇదేం పని అంటే, ఇంకా ముదరలేదులే, ముదిరినాక చూద్దాం అంటాడు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు సైన్సు చెప్పిన మనిషి! ఆ గిన్నె పట్టుకుపోయి పెరట్లో పారబోశాను. అయినా కోపం తగ్గక ఇది రాస్తున్నాను.

మాది బేతంచెర్ల. నేల తవ్వితే నాపరాయి దొరికే ఊరు. మా తాత బండలు నున్నగా చేసేవాడు. ఇప్పుడంటే మిషన్లు వచ్చాయిగానీ, అప్పట్లో మా వీధిలో అంతా చేతి పనే. బండ మీద నీళ్ళు చల్లాలి, సానరాయితో గుండ్రంగా రుద్దాలి, కడిగి చూసి మళ్ళీ రుద్దాలి. పొద్దున మట్టి కొట్టుకుపోయినట్టున్న రాయి సాయంత్రానికి ముఖం కనబడేలా తయారయ్యేది. నీళ్ళూ ఓపికా ఉంటే మెరవని వస్తువు ఈ లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం. బండల విషయంలో ఆ నమ్మకం ఆయనకు అన్నం పెట్టింది. కళ్ళ విషయంలో కొంప ముంచింది.

ముందు ఎడమకన్ను మసకబారింది. ఆయన లెక్కలో కన్నూ బండలాంటిదే. పైన ఏదో పొర పట్టింది, ఓపికగా రుద్దితే పోతుంది, అంతే. ఏవో ఆకులూ మిరియాలూ తేనెతో నూరి, రోజూ కంటికి కలికం పెట్టుకునేవాడు. కన్ను ఎర్రబడి బొటబొటా నీళ్ళు కారితే, లోపలి మురికి పోతోందని సంతోషపడేవాడు. మా నాయన ఆసుపత్రి మాట ఎత్తితే ఇంతెత్తున లేచేవాడు. చూస్తూ ఉండగానే ఆ కంటిపాప తెల్లగా అయిపోయింది. ఆ తర్వాత కుడికన్ను మొదలైంది. దానికీ అదే కలికం.

ఇంత జరిగినా పని మానలేదు. నా పాపం ఇక్కడే మొదలైంది. నేను బడి నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని, కడిగిన బండ చూపించి, మెరుస్తాందా పాపా అని అడిగేవాడు. బండ నిండా గీతలుండేవి. ఒక మూల నునుపుగా, ఇంకో మూల గరుగ్గా ఉండేది. అయినా నేను మెరుస్తాంది తాతా అనేదాన్ని. లేదంటే ఆ ముసలి చేతులు మళ్ళీ రుద్దడం మొదలుపెడతాయి. అందుకే అబద్ధం చెప్పి, అదే ప్రేమ అనుకున్నాను.

నేనొక్కదాన్నే కాదు. మా నాయన తెల్లవారుజామున లేచి, తాతకు తెలియకుండా ఆ బండలను మళ్ళీ రుద్ది సరిచేసేవాడు. బండలు కొనేవాళ్ళకు సంగతి తెలుసు, పెద్దాయన కదా అని నోరు మెదపలేదు. ఇంతమందిమి కలిసి ఆయన కళ్ళు బాగానే ఉన్నాయని ఆయన్నే నమ్మించాం. మా మర్యాద తగలెయ్య!

ఇంట్లో విసుగు దాచుకోని మనిషి మా చిన్నమ్మ ఒక్కతే. మా చిన్నాయన భార్య. రాజంపేట వైపు నుంచి కోడలుగా వచ్చింది. వాళ్ళమ్మకు శుక్లం తీయించారు కాబట్టి ఆ రోగం గురించి ఆమెకు కొంత తెలుసు. మా బడిలో కంటి శిబిరం పెడుతున్నారని, పెద్ద డాక్టర్లు వస్తారని ఊళ్ళో చాటింపు వేసిన రోజునే ఆమె తాత దగ్గర కూర్చుని నచ్చజెప్పింది. అది పైన పట్టే పొర కాదు మామా, కంటి లోపల అద్దం మాదిరిది ఒకటి ఉంటుందట, వయసు మీద పడితే అదే తెల్లబడుతుందట, ఏ మందు వేసినా పోదట అని చెప్పింది. మా తాత పకపకా నవ్వాడు.

"అద్దం మసకబారితే తుడుస్తే పోతాది గదమ్మా," అన్నాడు.

చిన్నమ్మ నెత్తి కొట్టుకుని లేచి వెళ్ళింది. చేసేదేమీ లేక ఊరుకుందని నేననుకున్నాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే చిన్నమ్మ ఒక బండ తెప్పించి తాత ముందు పెట్టించింది. క్వారీలో పనికిరాదని పక్కన పడేసిన బండ అది. నల్లటి రాయికి నడిమధ్య అరచేయంత తెల్లటి మబ్బు. రాయి పుట్టుకతోనే వచ్చిన మబ్బు, పైనుంచి అడుగుదాకా ఉంటుంది. పొయ్యి పక్కన వేసుకుంటాను, మీద తెల్లగా ఏదో పట్టింది, రుద్ది తీసిపెట్టు మామా అంది. కళ్ళున్న రోజుల్లో అయితే మా తాత అలాంటి బండను దూరం నుంచే చూసి తిప్పి పంపేవాడు. ఇప్పుడు చేత్తో తడిమి, సున్నం మరక అయ్యుంటుందని పనిలో కూర్చున్నాడు.

చిన్నమ్మ నన్ను వంటింట్లోకి లాగి చెవి మెలిపెట్టింది. "ఈపొద్దు తాత ఏమడిగినా ఉండేది ఉన్నట్ల చెప్పు. అబద్ధం చెప్తే తాట తీస్తా," అంది.

తాత రుద్దాడు, కడిగాడు, అడిగాడు. పోలేదు తాతా అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఆయన మొదటిసారి విన్నాడు. ఒక క్షణం నా వైపు తిరిగి, మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. సానరాయి మార్చాడు. ఇంకో కడవ నీళ్ళు తెప్పించాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ పోలేదన్నాను. అన్నానికి లేవమంటే లేవలేదు. ఎండ అరుగు మీదికి వచ్చింది, వీపంతా చెమట. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఒకసారి కొంచెం పోయింది తాతా అనబోయాను. గుమ్మంలోంచి చిన్నమ్మ చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. ఆ పొద్దు ఆమెంత రాక్షసి ఇంకెవరూ లేరనిపించింది.

చివరికి మా తాత సానరాయి విసిరికొట్టాడు. "యాడ దొరికిందమ్మా ఈ బండ! ఇది పైన మరక గాదు, రాయిలోనే ఉండాది. నెల్లాళ్ళు రుద్దినా పోదు. దీన్ని తీసి ఇంకోటి ఎయ్యాల్సిందే!"

"నీ కంటి గురించి నేను జెప్పిందీ అదే గదా మామా," అంది చిన్నమ్మ.

తాత మళ్ళీ బండ మీద చెయ్యి వేశాడు. ఆమె మీద విరుచుకుపడతాడని నేను భయపడ్డాను. ఆయన మాత్రం నా వైపు తిరిగి, ఇన్నాళ్ళూ చేసిన బండలు నిజంగా మెరిసినాయా పాపా అని మెల్లగా అడిగాడు. నేను లేదని తలూపాను. తల ఊపితే ఆయనకు కనబడదని గుర్తొచ్చి, లేదు తాతా అని పైకే చెప్పి భోరుమన్నాను.

ఆ వారమే శిబిరంలో ఆయన కుడికంటికి ఆపరేషను చేశారు. అప్పటి తంతు వేరు. మా తరగతి గదిలోనే పడుకోబెట్టి, తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారు. కొన్నాళ్ళు దగ్గడానికి, తుమ్మడానికి కూడా వీల్లేదన్నారు. ఆ తర్వాత సోడాబుడ్డి కళ్ళద్దాలు. ఇప్పుడు మసకబారిన అద్దాన్ని తీసి, కంట్లోనే కొత్తది పెట్టి, ఆ రోజే ఇంటికి పంపేస్తున్నారు. ముదరాలన్న మాట అప్పట్లో కొందరు డాక్టర్లే అనేవాళ్ళు, ఇప్పుడు ఆ అవసరం లేదు. చూపు చాలక పనికి అడ్డమైతే తీయించుకోవడమే. ఇన్ని సౌకర్యాలున్నా మా ఆయనలాంటి వాళ్ళకు ఉల్లిరసం కావాలి!

కుడికంటికి చూపు వచ్చింది. ఎడమకన్ను మాత్రం పనికిరాదని డాక్టరు చెప్పేశాడు. శుక్లం ముదిరి ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి, చూపు నరం చచ్చిపోయిందట. ఇక ఏ ఆపరేషను చేసినా ఆ చూపు తిరిగి రాదట. ఒక్క ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే రెండూ దక్కేవి కదా, ఇంట్లో ఎవరూ గమనించలేదా అని మా నాయనను అడిగాడు. మా నాయన తల దించుకున్నాడు. ఆయన వెనక నిలబడి నేనూ విన్నాను.

మా తాత మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. చిన్నమ్మను మాత్రం ఆ తర్వాత ప్రతిదానికీ సలహా అడిగేవాడు. ఆమె మొహమాటం లేకుండా చెప్పేది, ఆయన వినేవాడు.

నేను ఆమె దారే పట్టాను. ఎవరేది అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. నోటి దురుసు మనిషి అని మా చుట్టాల్లో పేరు పడిపోయింది. పడనీ. నా మంచితనం ఒకసారి ఒకరి కన్ను తినేసింది. ఇంకొకరిది తిననివ్వను.