మూసిన గోదాలో అడుగులు

ప్రమాథి సంవత్సరం, దొరల లెక్కలో 1879. ధాత కరువు దాటిపోయి రెండేళ్ళవుతున్నా ఉదయగిరి మనుషుల ఎముకల మీద ఇంకా పూర్తిగా కండ పట్టని రోజులవి. కొండ కింద, కోటకు పోయే దారి మొదట్లో మా తాలీంఖానా ఉండేది. మట్టిగోడలు, బోదకప్పు, నడుమ కుస్తీ పట్టడానికి నాలుగు బారల మట్టి గోదా. అందులో నేను వస్తాదును, అంటే కుస్తీ నేర్పేవాణ్ణి. మేం దూదేకులవాళ్ళం. మా నాయన దూది ఏకితే నేను మనుషుల్ని ఏకుతున్నానని బజారులో ఎగతాళి చేసేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు.

కుస్తీ గురించి నన్ను అడిగేవాళ్ళంతా ఏ పట్టు ఎలా వేయాలి, ఎన్ని దండీలు తీయాలి, ఏం తినాలి అని అడుగుతారు. ఎలా ఆపాలని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. నేను ఈ పనిలో చేసిన అతిపెద్ద తప్పు మాత్రం ఆపించడంలోనే చేశాను. దాని వల్ల ఒక మనిషి చేతికి దక్కకుండా పోయేవాడు.

మా దగ్గర ఏటా రంజాను నెలంతా గోదా మూత. సగంమంది శిష్యులు ఉపవాసాల్లో ఉంటారు. మిగిలినవాళ్ళకూ అది సెలవే. నెలవంక కనబడిన సాయంత్రం గోదా మట్టిని తిరగేసి, నూనె, మజ్జిగ, పసుపు, వేపాకు పొడి చల్లి, పలకతో చదును చేసి, పైన నీళ్ళు చిలకరించి వదిలేస్తాం. మట్టి నిద్రపోతోంది అంటాం. పండుగ మర్నాటిదాకా దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. నిద్రపోయే మట్టిని తొక్కితే ఆ ఏడు ఎవరికో ఒకరికి ఎముక విరుగుతుందని పెద్దల మాట.

నిద్ర మట్టికే గానీ మనుషులకు కాదు. ప్రతివాడికీ సెలవు పని అని ఒకటి అప్పజెప్పేవాణ్ణి. ఒకడు పొద్దున్నే కోట మొదటి వాకిలి దాకా ఎక్కి దిగాలి. ఒకడు ఇరవై కడవల నీళ్ళు చేదాలి. ఇంకొకడు మేకల వెంట కొండపక్క నడిచి రావాలి. పట్టుల్లేవు, పోటీ లేదు, కాస్త చెమట పడితే చాలు. రోజూ వెయ్యి బస్కీలు తీసే ఒళ్ళు, అంటే వెయ్యిసార్లు కూర్చుని లేచే ఒళ్ళు, ఉన్నట్టుండి కూర్చోమంటే కూర్చోదు. గానుగెద్దును విప్పి కొయ్యకు కట్టేస్తే ఆ కొయ్య చుట్టూనే తిరుగుతుంది చూడండి, అలాగన్నమాట.

ఆ ఏడు ఒక్కడికి మాత్రం సెలవు పని చెప్పలేదు. వాడి పేరు పుల్లయ్య.

పుల్లయ్య, వాడి అన్న సుబ్బయ్య ఇద్దరూ నా శిష్యులే. తాలీములో ఇద్దరిద్దరిని జోడీ కడతాం. జోడీవాడితోనే రోజూ పట్టాలి, వాడి బరువుకే నీ ఒళ్ళు అలవాటు పడాలి. అన్నదమ్ములిద్దరూ ఒకే జోడీ. సుబ్బయ్యది గుమ్మం నిండే వీపు. కరువులో సుబ్బయ్య కూలి గంజికోసం ఆత్మకూరు దారిలో కంకర కొట్టడానికి పోయాడు. మళ్ళీ రాలేదు. వాంతిభేదులొచ్చి పోయాడనీ, దారి పక్కనే ఎక్కడో పూడ్చారనీ వాడితో పనిచేసి బతికొచ్చిన మనిషి చెప్పాడు. ఎక్కడో ఆయనకూ గుర్తులేదు.

ఆ కబురు విన్న పూట పుల్లయ్య నేరుగా తాలీముకొచ్చి బస్కీలు మొదలుపెట్టాడు. నేను రెక్క పట్టుకుని ఆపేదాకా ఆపలేదు. అప్పటినుంచి రెండేళ్ళు ఒక్క పూట మానలేదు. గంజి దొరికిన రోజూ వచ్చాడు, దొరకని రోజూ వచ్చాడు. కంట తడి పెట్టగా ఎవరూ చూడలేదు. గుండె గట్టి అని అందరూ మెచ్చుకున్నారు. అందరికంటే ఎక్కువ నేనే మెచ్చుకున్నాను.

పండుగ తర్వాత ఆత్మకూరులో కుస్తీ ఒప్పుకున్నాం. అవతలివాడు తిండికి లోటులేని ఇంటివాడు, పుల్లయ్యకు ఒకటిన్నర రెట్లు ఉన్నాడు. మనవాడికి కండ పట్టించాలని నాకు పట్టుదల. అందుకని నెల మొదట్లో వాళ్ళింటికి పోయి, ఈ నెల గడప దాటొద్దు, చెంబు కూడా నీ చేత్తో ఎత్తొద్దు, తిని పడుకో అని చెప్పాను. వాళ్ళమ్మ లక్ష్మమ్మకు పాలు, నువ్వులు, బెల్లం లెక్కన పెట్టమన్నాను. మరి గానుగెద్దు సంగతి నాకు తెలియదా అంటే, తెలుసు. ఆశ ముందు తెలివి నిలబడదు.

ఐదో రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు చదివి వస్తూ తాలీము తలుపు తీసి చూశాను. చదును చేసిన మట్టి మీద అడుగులు.

నా శిష్యుల పాదాలు నాకు వాళ్ళ మొహాలకంటే బాగా తెలుసు. కుడికాలి చిటికెన వేలు బయటికి వంగి ఉంది. పుల్లయ్యే. మంచి కోపమొచ్చింది. కానీ కాస్త వంగి చూసేసరికి ఆ కోపం ఎటో పోయింది. ఒంటరిగా కసరత్తు చేసేవాడి అడుగులు మట్టిలో పైపైనే ఉంటాయి. ఎదురుగా ఒక బరువు నెడుతుంటేనే మడమలు లోతుగా దిగి, వెనక మట్టి కట్టలా లేస్తుంది. ఇక్కడ మడమలు బెత్తెడు లోతు దిగాయి. ఎదుటి మనిషి అడుగులు మాత్రం లేవు. గోదా అంతా వెతికాను, ఉన్నవి ఒక్కడివే.

ఇంటికి పోయి చూస్తే పుల్లయ్య మంచం మీద ఆదమరిచి నిద్రపోతున్నాడు. లేపి తిట్టాను. గడప దాటలేదని ఒట్టు పెట్టుకున్నాడు. వాడు అబద్ధమాడే మనిషి కాదు. నేను కాలు పెట్టకుండా అడ్డపలక మీదినుంచే మళ్ళీ మట్టి చదును చేశాను. మర్నాడు మళ్ళీ అవే అడుగులు. ఆ పైరోజూ అంతే.

తొమ్మిదో రోజున గోదా నడుమ ఒక వీపు అచ్చు పడి ఉంది. ఎవరినో ఎత్తి వెల్లకిలా వేస్తే పడే అచ్చు. అడ్డపలక మీదినుంచి వంగి జానతో కొలిచాను. పుల్లయ్య వీపు నేను చేత్తో మర్దన చేసిన వీపు, దాని కొలత నాకు తెలుసు. ఈ అచ్చు అంతకంటే నాలుగు వేళ్ళు వెడల్పు. దీనికి ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు. మట్టి తడిగా ఉండి జరిగిందేమో అని చాలాసార్లు అనుకున్నాను. ఆ రోజు మట్టి తడిగా లేదు.

ఆ సాయంత్రమే లక్ష్మమ్మ మా ఇంటికి వచ్చింది. నన్ను అన్నా అని పిలిచే మనిషి. వాకిట్లోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. బిడ్డ పెట్టిందల్లా తింటున్నాడనీ, పొద్దంతా నిద్రే పోతున్నాడనీ, అయినా రోజురోజుకూ చిక్కిపోతున్నాడనీ చెప్పింది. తెల్లవారి కాళ్ళు చూస్తే ఎర్రమట్టి, వీపున పసుపు వాసన. నిద్రలో నవ్వుతున్నాడట.

"పెద్దోడు పిలస్తా ఉండాడు మస్తానన్నా," అంది. "నాకు తెలస్తా ఉండాది. పెద్దోణ్ణి కరువు తినింది. చిన్నోణ్ణి నువ్వు తింటావా?"

నేను దయ్యాలను నమ్మే మనిషినీ కాదు, బొత్తిగా నమ్మని మనిషినీ కాదు. ఆమె మాత్రం కళ్ళ ముందు కరిగిపోతున్న రెండో కొడుకు గురించి మాట్లాడుతోంది. వాడిని పడుకోబెట్టింది నేను.

మర్నాడు తెల్లారకముందే సహరీ కూడు తిని, మసీదుకు పోకుండా తాలీములోనే ఒక మూల నమాజు చదువుకుని కూర్చున్నాను. తూర్పు తెల్లబారింది. సరిగ్గా మేం రోజూ సాము మొదలుపెట్టే వేళకు తలుపు తోసిన చప్పుడైంది. పుల్లయ్య లంగోటాతో వచ్చాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, అయితే నా మీదుగా పోయిన చూపు నన్ను చూడలేదు. వంగి మట్టి కళ్ళకద్దుకుని గోదాలో దిగాడు. చేతులు చాచాడు. ఎదురుగా ఎవరూ లేరు.

వాడు గాలిని పట్టుకుని నెడుతున్నాడు. గాలి వాడిని నెడుతోంది. మడమలు మట్టిలో దిగుతున్నాయి, మెడ నరాలు తేలుతున్నాయి. ఒక పట్టు విడిపించుకుని సంతోషంగా నవ్వాడు. రెండేళ్ళలో నేను వినని నవ్వు. ప్రక్కటెముకలు ఎంచవచ్చు, అంత చిక్కిపోయాడు. ఇంకో పది రోజులు ఇలా సాగితే నిలబడే కాళ్ళు ఉండవని నాకు అర్థమైంది.

నిద్రలో నడిచేవాణ్ణి పేరుపెట్టి పిలవకూడదంటారు. ఏం చేయాలో తోచలేదు. నా పనే నాకు దిక్కు. చొక్కా విప్పి, నిద్రపోయే మట్టిలోకి నేనూ దిగాను. వాడి ఎదుట నిలబడి రెండు చేతులూ పట్టుకున్నాను.

వాడు ఆగిపోయాడు. నా భుజాలు తడిమాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది.

"అన్నా," అన్నాడు, "ఇన్నాళ్ళూ గాలి మాదిరి ఉంటివే. ఇయ్యాల బరువుగా ఉండావు."

నేను కాదు అని చెబితే ఏమవుతుందో, అవును అని చెబితే ఏమవుతుందో తెలియలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి వాడి చూపు నా మొహం మీద నిలిచింది. "వస్తాదు మామా?" అన్నాడు. కింద కూలబడ్డాడు. ఎత్తుకుంటే ఈత చాపంత బరువు లేడు.

ఆ పూటే పడక మాన్పించాను. నేను ఉపవాసంలో ఉన్నా సరే, రోజూ పొద్దున్నే వాడిని వెంటబెట్టుకుని కొండ ఎక్కాను. మొదటి రోజు వంద మెట్లకే ఆయాసపడ్డాడు. నాలుగో రోజుకు మొదటి వాకిలి చేరాం. దిగి వచ్చి నాలుగు కడవలు నీళ్ళు చేది, కూడు తిని, ఒళ్ళు అలిసి మామూలు మనిషి పడుకున్నట్టు పడుకునేవాడు. మట్టిలో మళ్ళీ అడుగు పడలేదు. పండుగ నాటికి బుగ్గలు నిండాయి. లక్ష్మమ్మ నాతో మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టింది.

వైద్యం కుదిరిందని నేను లోలోపల మురిసిపోతుండగా, ఒకరోజు మెట్ల మీద పుల్లయ్య అడిగాడు.

"మామా, నేను పోకపోతే అన్న ఎవురితో కుస్తీ పడతాడు?"

నడువు అన్నాను. అప్పుడు గాని నాకు తెలివి రాలేదు. కబురు విన్న రోజున వాడు ఏడవాలి. ఏడవకుండా వెయ్యి బస్కీలు తీశాడు. రోజుకు వెయ్యి చొప్పున రెండేళ్ళు ఆ దుఃఖం మీద కూర్చుని లేచాడు. నేను వాడి ఒంటిని పడుకోబెట్టాను, కింద అణిగి ఉన్నది లేచి నిలబడింది. గుండె గట్టి అని నేను మెచ్చుకున్నది దాన్నే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆత్మకూరులో ఏమైందని అడుగుతారు. ఓడిపోయాడు. అవతలివాడు వాడిని రెండుసార్లు వెల్లకిలా వేశాడు. పుల్లయ్య లేచి మట్టి దులుపుకుని వాడికి సలాం చేసి వచ్చాడు. ఉదయగిరివాళ్ళు నన్ను చాలాకాలం సూటిపోటి మాటలన్నారు. పడ్డాను.

అప్పటినుంచి సెలవు పని ఇవ్వకుండా ఏ శిష్యుణ్ణీ ఇంటికి పంపలేదు. అంతకంటే ముఖ్యంగా, ఇంట్లో చావు జరిగినవాడు మర్నాడే గోదాకొస్తే లోపలికి రానివ్వలేదు. వాడితో కలిసి నడిచేవాణ్ణి, అంతే.

కానీ ఆ కుస్తీకంటే దానికి పోయిన దారే నాకు ఎక్కువ గుర్తు. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు మేమిద్దరం రెండు రోజులు నడిచాం. రెండో రోజు పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ కరువు కూలీలు వేసిన కంకర దారి మొదలైంది. పుల్లయ్య చెప్పులు విప్పి చంకన పెట్టుకున్నాడు. కాళ్ళు కాలుతాయిరా అన్నాను.

"వీటిల్లో ఏవో కొన్ని మా అన్న కొట్టినవి మామా," అన్నాడు.

కొంతదూరం పోయాక వాడి భుజాలు అదిరాయి. గొంతులోనుంచి ఒక శబ్దం వచ్చింది, మనిషి గొంతు కాదన్నట్టుగా. తర్వాత ఏడుపు. అలా ఏడవడం నేను చంటిపిల్లల్లోనే చూశాను. దారిలో బండివాళ్ళు ఆపి చూశారు. వాడు ముక్కు చీదుకుంటూ, కళ్ళు కనబడక తడబడుతూ, ఆ రాళ్ళ మీద నడుస్తూనే ఏడ్చాడు, ఆత్మకూరు కనబడేదాకా. ఏడుపు ఆపమని నేను అనలేదు. నడక ఆపమనీ అనలేదు.