రేగడిలో జీపు

నాకు ఉద్యోగం వచ్చింది! మా ఇంట్లో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటి మనిషిని నేనే, ఇప్పుడు ఆర్డరు కాగితం పట్టుకున్నదీ నేనే. సైన్యంలో కమాండోల కోసం తేలికపాటి బండ్లు చేసే కంపెనీ అది. ఆ బండ్లను మట్టిలో, ఇసుకలో నడిపి పరీక్షించే పని. వీధిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పేశాను. నాయినకు మాత్రం సగమే చెప్పాను.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ బండి ఫొటో చూపించాడు. తలుపుల్లేవు, టాపు లేదు. సీట్లు, తుపాకీ బిగించే కమ్మీ, అంతే.

"ఇది రేగడి బురదలో దిగబడింది. లాగేందుకు ఎవరూ లేరు. ఏం చేస్తారు?"

"టైర్లలో సగం గాలి తీసి, ఎక్సిలేటరు తొక్కకుండా మెల్లగా కదిలిస్తానండీ."

ఆయన ముఖం వెలిగింది. "ఎక్కడ నేర్చుకున్నారు?"

"కాలేజీ ప్రాజెక్టులో."

అబద్ధం. నేర్చుకున్నది నాయిన పాత జీపులో. గద్వాల నుంచి మానవపాడు వైపు మిరప తోటలకు కూలీలను తీసుకెళ్లే జీపు. దిగబడితే అందరినీ దింపి, తుమ్మ ముల్లుతో వాల్వు నొక్కి గాలి తీసేవాడు. నన్ను కాలేజీకి దింపిందీ ఆ జీపే. గేటు ఇంకా దూరం ఉండగానే దిగిపోయేదాన్ని. ఎవరిదని అడిగితే కిరాయి బండి అనేదాన్ని.

ఆర్డరు వచ్చిన పొద్దున నాయిన నా ఫోన్లో ఆ బండిని చాలాసేపు చూశాడు.

"దీనికి తలుపులు లేవేంది బిడ్డా?"

అమ్మ అందుకుంది. "మన డొక్కు జీపుకు ఉన్నయా? అది గూడ మిలిట్రీదే అనుకో!"

"అగో, ఇన్నేండ్లు నేను కమాండోనని నాకే తెల్వకపాయె!" అని నాయిన పగలబడి నవ్వాడు.

ఆ నవ్వు ముందు ఆగలేకపోయాను. ఇంటర్వ్యూలో ఏం అడిగారో, నేను ఏం అబద్ధం చెప్పానో అంతా చెప్పేశాను.

నవ్వు ఆగిపోయింది. ఫోను నా చేతిలో పెట్టి అడిగాడు.

"గాలి ఎంత తీస్తనన్నవ్?"

"సగం."

"సగం ఏటి ఇసుకల తీస్తరు. చిన్నప్పుడు చూసినవ్, అదే గుర్తున్నది. రేగడిల గంత తీస్తే టైరు రిమ్ము నుంచి ఊడుతది. రేగడిల జరంతనే తీస్తుంటి. కాలేజికి పొయ్యేటప్పుడు నువ్వు మొఖానికి చున్నీ కట్టుకొని అటు తిరిగి నిలబడుతుంటివి. ఎట్ల చూస్తవ్?"

నా చెయ్యి చున్నీ అంచు మీదికి పోయింది.

"నా పేరు చెప్పకుంటే చెప్పకపోతివి. గా మిలిట్రీ బండ్ల కూసునేటోళ్లు గూడ ఎవరో కన్న పిల్లలే గద."

ఆ పెద్దాయనకు మెయిలు రాశాను. ఎవరు నేర్పారో, నేను ఏం తప్పు చెప్పానో.

"నౌకరి పోతే ఎట్లనే?" అంది అమ్మ. అయినా పంపాను. జవాబు ఇంకా రాలేదు.

బయట నాయిన జీపు పక్కన నిలబడి పిలిచాడు.

"రా. టైరు మీద మడిమ పెట్టి నొక్కు. గాలి ఎంతున్నది?"

చెప్పాను.

"తప్పు. మల్ల నొక్కు."