మా అత్త సిమెంటు మోసిన తిన్నె మీద ఒక గ్లాసు టీ

టీ ప్రియులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, టీ మీద నురగ రెండు వేళ్ల మందానికి తగ్గరాదు. ముంచిన బిస్కెట్టును మూడు లెక్కపెట్టేలోపు తీయాలి. విరిగి అడుగున పడితే దాని మీద ఎవరికీ హక్కు లేదు. గ్లాసు విషయంలో మాత్రం నవ్వులాట లేదు. ఈ ప్రయాణం దాని కోసమే.

నేను తమిళనాడు ధర్మపురిలో ఇళ్లు కట్టే మేస్త్రీని. ఎనిమిదో తరగతి మూడుసార్లు చదివాను, అంత ఇష్టం. తెలుగు అక్షరాలు చిత్తూరు పనుల్లో గోడల మీది రాతలు చూసి నేర్చుకున్నాను. ఇండూరు దాటాక ఒక ఊళ్లో, పేరు చెప్పను, టీకొట్టు కట్టినప్పుడు సిమెంటు మోసింది మా మేనత్త. ఆ రోజుల్లో మా కులం వాళ్లు బయట నిలబడి కొబ్బరిచిప్పలో తాగి, చిప్ప కడిగి చూరులో చెక్కి పోవాలి. మొన్న కంటి ఆపరేషన్ కట్టు విప్పిన రోజే అత్త అడిగింది: “నేను మోసిన తిన్నె మీద కూసోని, గ్లాసులో ఒగ టీ తాగల్ల రా. తోడుకపోతావా?”

ఉదయం ఏడున్నరకు ధర్మపురి బస్టాండులో పెన్నాగరం దారి టౌన్‌బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి టిక్కెట్టు నాకొక్కడికే. ఎక్కడికని కండక్టర్ అడిగితే, ఈమె టీల ఇన్‌స్పెక్టర్, తనిఖీకి పోతోందని చెప్పాను. అతను అత్తకు కిటికీ పక్క సీటు ఇప్పించాడు. దిగాక అరగంట నడక.

కొట్లో ఐదుగురు తిన్నె మీద కూర్చుని గ్లాసుల్లో తాగుతున్నారు. యజమాని మమ్మల్ని చూసి, ఏ వీధి వాళ్లమో అడిగి తెలుసుకుని, రెండు పేపర్ కప్పులు తీశాడు. గ్లాసులు కడిగే మనిషి రాలేదట, కప్పయితే శుభ్రమట. చిప్ప పోయి కప్పు వచ్చింది, అంతే. అత్త తల వంచుకుంది. నేను గొంతు సవరించుకుని, “అణ్ణా, ఈ తిన్నెకు సిమెంటు మోసింది ఈమె. ఈమెకు గ్లాసులో పొయ్యి” అన్నాను.

పాలు పొంగితే యజమాని మంట తగ్గించాడు. తిన్నె మీది ముసలాయన ఒకడు కొంచెం పక్కకు జరిగాడు. అత్త కూర్చుంది. గ్లాసు వచ్చింది. ఒక గుటక తాగి, “చక్కెర జాస్తి” అంది. తాగాక గ్లాసు కడగలేదు; తిన్నె మీదే పెట్టి లేచింది. యజమాని దాన్ని తీసి, మిగతా గ్లాసులున్న బకెట్లోనే వేశాడు. అత్త ఆ బకెట్టును ఆపరేషన్ అయిన కంటితో చాలాసేపు చూసింది.

ఒక్క టీతో ఊరు మారిందని నేను చెప్పను. రేపు మా వీధి మనిషి ఒంటరిగా పోతే మళ్లీ కప్పే తీస్తాడేమో. కానీ నేను ఎన్నో గోడలు లేపాను. ఆ పొద్దు మా అత్త ఆ తిన్నె మీద కూర్చున్నంత నిటారుగా ఒక్కటీ నిలవలేదు. పోవాలనుకునేవాళ్లకు ఒక సలహా: తొమ్మిదిలోపు పోండి, తిన్నె నిండుగా ఉన్నప్పుడే అడగండి. సాక్షులుండాలి.

ఇంకొకటి. గ్లాసు అడిగింది నేనని రాశాను. అది నేను కల్పించింది. తల వంచుకున్నది నేను. అప్పటికే పేపర్ కప్పు అందుకుని ఊదుకుంటున్నాను. “తంబీ, ఈ తిన్నెకు సిమెంటు మోసింది నేను. నాకు గ్లాసులో పొయ్యి” అన్నది మా అత్త.