రెండు సర్వర్లు, నలభై ఒకటో పేరు

విజయవాడ పొలిమేరలో, గన్నవరం వెళ్ళే దారిలో ఉన్న ఒక రెసిడెన్షియల్ కాలేజీలో నేను కంప్యూటర్ సెక్షన్ చూసేదాన్ని. ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకులు. ఏళ్ళ తరబడి ఇదే నా వారం. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది, మా పాత సర్వరు సోమవారం వచ్చిందంటే చాలు మూలగడం మొదలుపెట్టేది.

ఆ కాలేజీలో సోమవారం ఎలాంటిదో చెప్పాలి. పన్నెండింటికి బోర్డు మీద ర్యాంకుల జాబితా పెట్టేవారు. ఆడపిల్లల్లో మొదటి నలభై మందిదీ పై అంతస్తు సెక్షను. మంచి లెక్చరర్లందరూ వాళ్ళకే. నలభై ఒకటో పిల్ల సాయంత్రం నాలుగు గంటల బెల్లుకి పెట్టె, పరుపు సర్దుకుని కింది సెక్షనుకు దిగిపోవాలి. ఒకే ఏడాదిలో రెండుసార్లు దిగితే మళ్ళీ పైకి ఎక్కే దారి లేదు. అన్నిట్లోకీ కాస్త మనిషితనం ఉన్న నియమం ఒక్కటే: నలభయ్యో స్థానంలో ఇద్దరికి మార్కులు సమానమైతే ఇద్దరూ పైనే ఉంటారు, ఒక బల్ల ఎక్కువ వేస్తారు.

కొత్త సర్వరు కొనాలనుకున్నాక ఇద్దరు డీలర్లు చెరో యంత్రం తెచ్చి వారం రోజులు నా గదిలో పెట్టారు. ఒకదానిలో అందరూ ఎరిగిన పెద్ద కంపెనీ ప్రాసెసరు. మా పాత సర్వరులో ఉన్నదీ ఆ జాతిదే. రెండోది పోటీ కంపెనీది, అరవై నాలుగు బిట్లది, మా ఊరికి కొత్త. మొదటి డీలరు రెండోదాన్ని ఎవరు వాడతారండీ అని పెదవి విరిచేవాడు. రెండో డీలరు మొదటిదాని ధర చెప్పి నవ్వేవాడు. అమ్మేవాళ్ళ మాట నేను ఎప్పుడూ చెవిన పెట్టలేదు. పొడుగు నోటుబుక్కులో గళ్ళు గీసుకున్నాను: వేగం, మెమరీ, కరెంటు ఖర్చు, ధర. సోమవారం సాయంత్రానికి ఒక పేజీ రిపోర్టు ఇమ్మన్నారు మా డీన్‌గారు. కెమిస్ట్రీ చెప్పి చెప్పి ఆ కుర్చీలోకి వచ్చిన పెద్దాయన.

ఆ సోమవారం పొద్దున మొదటి యంత్రం మీద ఫలితాలు తీశాను. క్యాంటీనుకి వెళ్ళి టిఫిను తిని, తీరిగ్గా నడిచి వచ్చేసరికి పూర్తయింది. దాని జాబితానే పన్నెండింటికి బోర్డుకెక్కింది. భోజనమయ్యాక అవే సమాధాన పత్రాలను రెండోదాని మీద నడిపాను. గ్లాసులో టీ చల్లారేలోపే ముగించేసింది. పైగా మెమరీ ఇంకా పెంచుకోవచ్చు, కరెంటు తక్కువ తాగుతుంది, ధరా తక్కువే. నోటుబుక్కులో గళ్ళన్నీ దానివైపే మొగ్గాయి. నాకు భలే సంతోషమేసింది.

అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. నాకు ఏదీ ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. రెండు జాబితాలనూ వరసకు వరస పోల్చి చూశాను. వేల పేర్లలో అయిదారు చోట్ల తేడా కనిపించింది. మధ్యలో వచ్చిన తేడాలతో ఎవరికీ పని లేదు. ఒకటి మాత్రం నలభై దగ్గర. మొదటి యంత్రం నలభై ఒకటి అన్న పిల్లను రెండోది నలభయ్యో స్థానంలోనే, ఇంకో పిల్లతో సమానంగా కూర్చోబెట్టింది.

ఆ పిల్ల నాకు తెలుసు. కైకలూరు అవతల ఏదో కొల్లేటి ఊరు. తండ్రి చేపలు వేలంపాటలో కొని వ్యానులో విజయవాడ తెచ్చి అమ్ముకునేవాడు. ఆమె గుర్తింపు కార్డులో తప్పు పడితే దిద్దడానికి నేను మూడుసార్లు తిప్పించుకున్నాను. మూడుసార్లూ ముఖం ముడుచుకోకుండా వచ్చింది. దసరా ముందు ఒకసారి కిందికి దిగి, రెండు నెలలు పట్టుదలగా చదివి మళ్ళీ పైకెక్కిన పిల్ల. ఇప్పుడు దిగితే ఇక అంతే.

గడియారం చూస్తే ఒంటిగంటన్నర.

కాగితం తీసుకుని చేత్తో లెక్క వేశాను. మా పద్ధతిలో ఈ వారం మార్కులకు పదింట ఏడు పాళ్ళు, అంతకుముందు వారాల సగటుకు మూడు పాళ్ళు. నలభయ్యో పిల్లకు ఈ వారం రెండు వందల ముప్పై, సగటు రెండు వందల యాభై. కొల్లేటి పిల్లకు ఈ వారం రెండు వందల ముప్పై మూడు, సగటు రెండు వందల నలభై మూడు. ఎవరికి వేసినా రెండు వందల ముప్పై ఆరే. పిసరు తేడా లేదు.

పావుగంట సేపు ఆ పెద్ద కంపెనీని మనసారా తిట్టుకున్నాను. ఆ తర్వాత ర్యాంకులు తీయడానికి నేనే రాసిన ప్రోగ్రాము తెరిచి చూశాను. పదింట ఏడు అనే అంకె యంత్రంలో సరిగ్గా ఇమడదు, ఎక్కడో చివర రవ్వంత తరుగు పడుతుంది. మొదటి ప్రాసెసరు లెక్క మధ్యలో ఎక్కువ స్థానాలు పట్టుకుని, దశాంశ బిందువు తర్వాత పదహారు సున్నాలు దాటాక ఉన్న ఆ తరుగును కూడా తేడాగా చూసింది. రెండోది అంత దూరం పోకుండా సమానమంది. రెండింటిలో ఏదీ తప్పు చేయలేదు. పోల్చే ముందు అంకెను రెండు స్థానాలకు సరిచేయమని యంత్రానికి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. మూడేళ్ళుగా ఆ ప్రోగ్రామే నడుస్తోంది. బోర్డు మీద ర్యాంకులే తప్ప మొత్తాలు వేయం కనుక ఎవరూ పట్టుకోలేకపోయారు.

రెండు జాబితాలూ తీసుకుని డీన్‌గారి గదికి వెళ్ళాను. ఆయన నా కాగితం మీద లెక్కను పెన్నుతో మళ్ళీ వేసుకున్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ప్రోగ్రాము రాసినప్పట్నుంచేనండి. మూడేళ్ళు."

"ఇలా ఎంతమంది దిగిపోయుంటారు?"

"పాత పరీక్షలన్నీ మళ్ళీ నడిపితే తెలుస్తుందండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. బోర్డు మీద కాగితం దించితే ఎందుకు దించారని ఒక్కరైనా అడుగుతారని, అడిగితే మూడేళ్ళ సంగతీ బయటికి వస్తుందని, పిల్లలు దిగిపోయిన ఇళ్ళవాళ్ళంతా గేటు దగ్గరికి వస్తారని నెమ్మదిగా చెప్పారు. వద్దని మాత్రం అనలేదు. అని ఉంటే ఈపాటికి ఆ పాపం ఆయన నెత్తిన వేసి నేను హాయిగా ఉండేదాన్ని.

"దించమంటే ఇప్పుడే దించేస్తానమ్మా. పక్కన నిలబడి ఎందుకో మీరు చెప్పాలి. నాలుగు లోపల కబురు పంపండి."

నా గదికొచ్చి కూర్చున్నాను. అప్పటికి రెండున్నర. అటెండరును పిలిస్తే రెండు నిమిషాల్లో అయిపోయే పని. పిలవలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకంటే, నా ప్రోగ్రాము తప్పు అని నా నోటితో నేనే చెప్పాల్సి వస్తుందని భయపడ్డాను. ఆ కాలేజీలో అందరి తప్పులూ పట్టుకుని నలుగురిలో నిలబెట్టి కడిగేదాన్ని నేనే. మూడింటికి రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. రెండో యంత్రమే కొనమని, వేగంలోనూ సదుపాయాల్లోనూ ధరలోనూ అదే మేలని చాలా చక్కగా రాశాను. మధ్యలో ప్రోగ్రాములో ఆ ఒక్క లైనూ దిద్దాను, వచ్చే వారానికి. రిపోర్టులో తేడా సంగతి రాయలేదు. నాలుగు గంటల బెల్లు మోగింది.

కాసేపటికి గుమ్మంలో ఆ పిల్ల కనిపించింది. చేతిలో రేకు పెట్టె, భుజాన పరుపు చుట్ట. ఏడ్చిన ముఖమే, కానీ కడుక్కుని వచ్చింది.

"మేడం, ఒక్క మాట అడగచ్చాండీ? ఎంతలో పోయిందండీ నాకు?"

"కొద్దిలోనే," అన్నాను.

పెట్టె కింద పెట్టి ఆలోచించింది. "కెమిస్ట్రీలో ఒక బిట్టు తెలిసీ తప్పు పెట్టానండీ, తొందరలో. అందుకే పోయుంటుంది కదండీ?"

బల్ల మీద రెండు జాబితాలూ పక్కపక్కనే ఉన్నాయి. వాటి మీద నోటుబుక్కు పెట్టాను.

"అందుకే అయ్యుంటుందమ్మా," అన్నాను.